పగలు చర్చిలో... రాత్రి రంగస్థలంపై!

ఆపరెట్టా అనే తేలికపాటి సంగీత నాటకం మాటెత్తగానే ఆఫెన్‌బాక్, స్ట్రాస్ పేర్లే వినిపిస్తాయి. వాళ్లకన్నా ముందే ఆ దారి వేసిన మనిషి పేరు హెర్వే. కథ రాశాడు, పాట కట్టాడు, వేషం వేశాడు, వాద్యబృందాన్నీ నడిపించాడు. రెండు వందల ఏళ్ల కిందట పుట్టిన ఆ కళాకారుడి కథ ఇది.

1868 అక్టోబరు 24. పారిస్‌లోని ఫోలీ ద్రమాతిక్ నాటకశాలలో తెర లేచింది. వేదిక మీద దట్టమైన అడవి, అందులో గుంపుగా డ్రూయిడ్ పూజారులు. వేటకొమ్ములు మోగాయి. రాజుగారి వేట బృందం వస్తోంది. వచ్చిన రాజు మాత్రం నడిచి రాలేదు. నిజం గుర్రమెక్కి రంగస్థలం మీదికి వచ్చాడు. జీను మీద కూర్చునే పాట అందుకున్నాడు. ఇంతలో ఉరుములు, మెరుపులు, వాన. ఆరో శతాబ్దానికి చెందిన రాజపరివారమంతా టకటకా గొడుగులు విప్పి, వాటితోనే చిందులేసింది.

ఆ ఆపరెట్టా పేరు 'షిల్పెరిక్'. ఫ్రాంకుల రాజు షిల్పెరిక్ పేరు అప్పట్లో ఫ్రాన్స్‌లో బడి పిల్లలకూ తెలుసు. భార్యలు, కుట్రలు, హత్యలతో నిండిన ఆ నెత్తుటి చరిత్రను అలా నవ్వులాటగా మార్చినవాడే గుర్రం మీద కూర్చుని పాడుతున్నాడు. మన సినిమా టైటిళ్ల పద్ధతిలో వేయాలంటే 'కథ, మాటలు, పాటలు, సంగీతం' అన్నచోట ఒకే పేరు వేయాలి. కథానాయకుడి పేరూ అదే. హెర్వే!

2025లో వియన్నా నగరం ఏడాది పొడవునా యోహాన్ స్ట్రాస్ ద్విశతాబ్ది జరుపుకొంది. కచేరీలు, ప్రదర్శనలు, ఉత్సవాలతో ఊరంతా వాల్ట్జ్ సంగీతంలో మునిగింది. స్ట్రాస్ పుట్టింది 1825 అక్టోబరులో. అదే ఏడాది, అంతకు నాలుగు నెలల ముందు, జూన్ 30న ఉత్తర ఫ్రాన్స్‌లో హెర్వే పుట్టాడు. స్ట్రాస్‌కు ఆపరెట్టా రచయితగా కీర్తి తెచ్చిన 'డీ ఫ్లెడర్‌మాస్' 1874 నాటిది. హెర్వే అంతకు పాతికేళ్ల ముందే ఆ ప్రక్రియకు పునాది తవ్వాడు. అయినా ద్విశతాబ్ది సందడిలో అతని పేరు సంగీత చరిత్రకారుల మధ్య, కొద్దిమంది అభిమానుల మధ్య మాత్రమే వినిపించింది. మొదలుపెట్టినవాడు ఎందుకు మరుగున పడ్డాడు? జవాబు అతని జీవితంలోనే ఉంది.

పదేళ్లకే తండ్రి పోయాడు

హెర్వే అసలు పేరు ఫ్లోరిమాన్ రోంజే. అరాస్ పట్టణానికి దగ్గర్లోని ఊదాన్ అతని సొంతూరు. తండ్రి పోలీసు దళంలో ఉద్యోగి. తల్లి స్పెయిన్ దేశస్థురాలు. పిల్లవాడికి పదేళ్లు వచ్చేసరికి తండ్రి కన్నుమూశాడు. తల్లి బిడ్డను వెంటబెట్టుకుని పారిస్ చేరింది.

డబ్బు లేని ఇంట్లో పిల్లవాడికి సంగీతం అబ్బాలంటే ఆ రోజుల్లో ఉన్న దారి చర్చి. ఫ్లోరిమాన్ గొంతు బాగుంది. సెయింట్ రోక్ చర్చి గాయక బృందంలో చోటు దొరికింది. అక్కడే స్వరం చదవడం, ఆర్గాన్ వాయించడం నేర్చాడు. తర్వాత పారిస్ సంగీత కళాశాలలోనూ శిక్షణ పొందాడు. మీసాలు రాని వయసులోనే ఇంటికి ఆసరాగా కొలువు వెతుక్కోవలసి వచ్చింది. ఆ కొలువు దొరికిన చోటు ఎవరూ ఊహించనిది. పారిస్ దక్షిణ శివార్లలోని బిసెత్ర్ ఆస్పత్రి.

మతి తప్పినవారే మొదటి నటులు

బిసెత్ర్‌లో వృద్ధులతో పాటు వందలాది మంది మానసిక రోగులు ఉండేవారు. గొలుసులతో కట్టేయడం కాదు, మనిషిగా చూడాలి అన్న ఆలోచన ఫ్రెంచి వైద్యంలో వేళ్లూనుకున్న చోట్లలో అదొకటి. అక్కడి ప్రార్థనా మందిరంలో ఆర్గాన్ వాయించడం ఫ్లోరిమాన్ పని. పక్క వార్డుల నుంచి వచ్చే కేకలు, నవ్వులు, ఏడుపులు వింటూ వాయించేవాడు.

వాయించి ఊరుకోలేదు. రోగులకు పాటలు నేర్పడం మొదలుపెట్టాడు. సంగీతం వింటే, కలిసి పాడితే కొందరిలో అలజడి తగ్గుతోందని గమనించాడు. వైద్యులూ ఈ ప్రయోగాన్ని ప్రోత్సహించారు. సంగీత చికిత్స అని మనం ఇప్పుడు అనే పనిని ఆ కుర్రాడు ఆనాడే, ఏ పేరూ పెట్టకుండా చేశాడు.

1842లో మరో అడుగు వేశాడు. అప్పట్లో జనాదరణ ఉన్న స్క్రీబ్, సాంతీన్‌ల ప్రహసనం 'ఎలుగుబంటి - పాషా'కు సంగీతం కట్టి, రోగుల చేతనే ఆడించాడు. నటులూ వాళ్లే, గాయకులూ వాళ్లే. అప్పటికి ఫ్లోరిమాన్‌కు పదిహేడేళ్లు. పొంతన లేని మాటల్లో కూడా ఒక లయ ఉంటుందని, నవ్వుకు తర్కంతో పనిలేదని తెలుసుకోవడానికి అంతకు మించిన బడి అతనికి దొరికేది కాదు. తర్వాత అతను రాసిన నాటకాల్లో హఠాత్తుగా దారి తప్పే సంభాషణలు, అర్థం లేని పల్లవులు, ఉన్నట్టుండి చిందులేసే పాత్రలు కనిపిస్తాయి. విమర్శకులు అతనికి 'పిచ్చి సంగీతకారుడు' అని ముద్ర వేశారు. ఆ పిచ్చిని అతను మనుషుల మధ్య, వాళ్ల మీద ప్రేమతో నేర్చుకున్నాడు.

ఒక మనిషి... రెండు పేర్లు

1845లో పెద్ద అవకాశం వచ్చింది. పారిస్ నడిబొడ్డున, అప్పటి కూరగాయల మార్కెట్టు పక్కనున్న సెయింట్ యూస్టాష్ నగరంలోని గొప్ప చర్చిల్లో ఒకటి. అక్కడి ఆర్గాన్ వాద్యకారుడి పదవి ఇరవై ఏళ్ల ఫ్లోరిమాన్‌ను వరించింది. గౌరవమైన ఉద్యోగమే. కానీ అతని మనసు నాటకం మీద ఉంది. నాటకాల వాళ్లంటే ఆనాటి చర్చి పెద్దలకు చిన్నచూపు. ప్రార్థన వాయించే చేతులే రాత్రిపూట తైతక్కల పాటలు వాయిస్తున్నాయని తెలిస్తే ఉద్యోగం నిలవదు.

అందుకే రెండో పేరు పుట్టింది. పగలు రోంజే, రాత్రి హెర్వే. పొద్దున భక్తి గీతం, సాయంత్రం చిల్లర నాటకశాలలో చిన్న వేషం, అర్ధరాత్రి కొత్త పాటకు బాణీ. ఈ జంట బతుకు ఎనిమిదేళ్ల పాటు సాగింది.

ఆ కాలంలోనే దెజిరే అనే హాస్యనటుడు అతన్నొక చిన్న సంగీత నాటకం అడిగాడు. దెజిరే పొట్టి, లావు. హెర్వే పొడుగు, సన్నం. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే చాలు, జనానికి నవలా నాయకుడు డాన్ కిహోటే, అతని సేవకుడు సాంచో పాంజా గుర్తొస్తారు. అలా పుట్టిన 'డాన్ కిహోటే - సాంచో పాంజా' 1848లో పారిస్ వేదికెక్కింది. ఆపరెట్టాలకు ఆద్యమైన రచన ఇదేనని చాలామంది చరిత్రకారులు లెక్కిస్తారు. ఆఫెన్‌బాక్ సొంత నాటకశాల తెరవడానికి అప్పటికింకా ఏడేళ్లుంది.

---
బాక్స్: ఆపరెట్టా అంటే..?

* పాటలు, మాటలు, నాట్యం, హాస్యం కలిసిన తేలికపాటి సంగీత నాటకం.
* గంభీరమైన ఒపేరాల్లో చాలావాటిలో కథంతా పాటలోనే నడుస్తుంది. ఆపరెట్టాలో మధ్యమధ్య మామూలు సంభాషణలు ఉంటాయి.
* పురాణాలు, చరిత్ర, పెద్దల డాంబికాలు, పేరుమోసిన ఒపేరాలు దీనికి ఇష్టమైన లక్ష్యాలు.
* పారిస్‌లో పుట్టి వియన్నాకు, లండన్‌కు పాకింది. ఇప్పటి బ్రాడ్‌వే, వెస్ట్ ఎండ్ 'మ్యూజికల్స్' పూర్వీకుల్లో ఇదొకటి.
---

ఇద్దరికి మించి మాట్లాడితే నేరం

ఆపరెట్టా మొదట్లో అంత చిన్నగా, ఒకే అంకంతో, రెండు మూడు పాత్రలతో ఎందుకు ఉండేదో తెలియాలంటే అప్పటి చట్టం తెలియాలి. నెపోలియన్ 1807లో పారిస్ నాటకశాలల సంఖ్యను ఎనిమిదికి కుదించాడు. ఏ శాలలో ఏ రకం నాటకం ఆడాలో కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. తర్వాత శాలలు పెరిగినా లైసెన్సుల పట్టు సడలలేదు. పెద్ద ఒపేరాలు ఆడే హక్కు పెద్ద సంస్థలదే. చిన్నవాళ్లకు పాటలతో నాటకం ఆడే అనుమతి దొరకడమే గగనం. దొరికినా పాత్రల సంఖ్య మీద పరిమితి.

1854లో హెర్వే టెంప్ల్ బులవార్డులో సొంతంగా ఒక చిన్న నాటకశాల తెరిచాడు. ఖూనీలు, దొంగతనాల కథలు ఆడే శాలలు వరుసగా ఉండడంతో జనం ఆ వీధిని 'నేరాల బులవార్డు' అని పిలిచేవారు. ఒకప్పుడు బంతాట ఆడుకున్న శాలను ఫోలీ కాన్సెర్తాంత్‌గా మార్చాడు. కొద్ది నెలల్లోనే దాని పేరు ఫోలీ నువెల్ అయింది. లైసెన్సు ప్రకారం ఒక అంకం, ఇద్దరు పాత్రధారులు. అంతే!

అలాంటి షరతులకు మరొకరైతే బెంబేలెత్తిపోయేవారు. హెర్వే ఇద్దరితోనే లోకమంతా చూపించాడు. 'లె కాంపోజితూర్ తోకే' అలాంటిదే. తానో మహా మేధావినని నమ్మే మతి చెడిన సంగీతకారుడు, అతని సేవకుడు. ఇద్దరే మనుషులు, బోలెడంత గోల. శాల యజమాని, రచయిత, సంగీతకర్త, గాయకుడు, వాద్యబృంద నాయకుడు అన్నీ హెర్వేనే. పాటల మధ్య మూకాభినయ ప్రదర్శనలూ ఉండేవి. తెల్ల ముఖం 'పియరో' పాత్రలో పేరు తెచ్చుకున్న పాల్ లెగ్రాన్ అక్కడ ఆడాడు.

ఈ ఆంక్షలకు తెరపడింది 1864లో. ఆ ఏడాది జనవరి 6న వెలువడిన శాసనం నాటకశాలలకు స్వేచ్ఛ ఇచ్చింది. ఎవరైనా శాల కట్టవచ్చు, ఏ నాటకమైనా ఆడవచ్చు. సెన్సారు మాత్రం మిగిలింది.

శిష్యుడు కాదు... పోటీదారు

1855 వేసవి. సెల్లో వాద్యకారుడిగా పేరున్న జాక్ ఆఫెన్‌బాక్‌కు తన నాటకాలు ఆడేవారు దొరకడం లేదు. తలుపు తెరిచినవాడు హెర్వే. ఆఫెన్‌బాక్ రాసిన 'ఓయాయే' జూన్ చివర్లో ఫోలీ నువెల్‌లో వేదికెక్కింది. దీవిలో చిక్కుకున్న ఒక వాద్యకారుడు, నరమాంసం తినే తెగ రాణి. ఆ రాణి వేషం కట్టింది హెర్వేనే.

పది రోజులు తిరగకముందే, జులై 5న, ఆఫెన్‌బాక్ షాంజెలీజేలో 'బూఫ్ పారిసియన్' పేరుతో సొంత శాల తెరిచాడు. పక్కనే ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. దేశదేశాల జనం అటే వస్తున్నారు. చోటు మంచిది, సమయం మంచిది. ఆఫెన్‌బాక్‌కు వ్యాపార దృష్టి, పలుకుబడి ఉన్న స్నేహితులు, అన్నిటికీ మించి మంచి రచయితలు ఉన్నారు. లుడోవిక్ అలెవీ, ఆ తర్వాత హెన్రీ మేయాక్ ఇచ్చిన పదునైన కథలకు ఆఫెన్‌బాక్ బాణీలు తోడయ్యాయి. 1858లో 'ఆర్ఫియస్ ఇన్ ది అండర్‌వరల్డ్' అతన్ని యూరప్ అంతటా ప్రసిద్ధుణ్ని చేసింది. ఆ పేరుప్రతిష్ఠల్లో హెర్వేకు భాగం దక్కలేదు.

చీకటి అధ్యాయం

హెర్వే వెనకబడడానికి పోటీ ఒక్కటే కారణం కాదు. 1856లో హెర్వే ఒక మైనరుకు సంబంధించిన నేరంలో దోషిగా తేలి జైలుకు వెళ్లాడు. నాటకశాల చేజారింది. పారిస్‌లో పేరు మసకబారింది. అభిమానంతో రాసిన కొన్ని జీవిత కథలు ఈ ఘట్టాన్ని దాటేశాయి. దాచడం తగదు. అతని కళ గొప్పదైనంత మాత్రాన ఆ నేరం చిన్నది కాదు.

బయటికొచ్చాక ఊరూరా తిరిగే నాటక బృందాలతో పాడుతూ, ఆడుతూ బతికాడు. క్రమంగా పారిస్ చేరి చిన్న శాలల్లో వాద్యబృందాలు నడిపాడు. మద్యం తాగుతూ పాటలు వినే 'కెఫె కన్సర్' శాలలకు పాటలు కట్టాడు. అలాంటి వాటిలో పేరున్న ఎల్దొరాదో అతనికి మళ్లీ నిలదొక్కుకునే చోటు ఇచ్చింది. దాదాపు పదేళ్ల తర్వాత, 1866లో, 'రౌండ్ టేబుల్ వీరులు' అనే పెద్ద ఆపరెట్టాతో తిరిగి నిలబడ్డాడు. అది ఆడిన శాల ఏదో తెలుసా? ఆఫెన్‌బాక్ స్థాపించిన బూఫ్ పారిసియన్.

మూడేళ్లు... మూడు విజయాలు

1867 నుంచి 1869 వరకు హెర్వేకు స్వర్ణయుగం. వేదిక ఫోలీ ద్రమాతిక్.

1867 అక్టోబరులో 'లోయ్ క్రెవే'. మాటలూ సంగీతమూ అతనివే. రోసీనీ 'విలియమ్ టెల్', వెబర్ 'డెర్ ఫ్రైషూట్జ్' ఒపేరాల్లోని గురిచూసి కొట్టే పోటీలను తిరగేసి అల్లిన కథ ఇది. కులీన కన్యకు వడ్రంగం పని మీద వల్లమాలిన మోజు. విలువిద్య పోటీలో బాణం వెళ్లి ఆమె కంట్లో గుచ్చుకుంటుంది. కథ విన్నవారికి తలాతోకా లేదనిపిస్తుంది. చూసినవారు మళ్లీ మళ్లీ వెళ్లారు.

మరుసటి ఏడు 'షిల్పెరిక్'. ఆ తర్వాత 1869 ఏప్రిల్ 23న 'లె పెటీ ఫౌస్ట్'. దీని సమయం చూడండి. గూనో రాసిన 'ఫౌస్ట్' ఆ ఏడాది మార్చి 3న పారిస్ ఒపేరా మహావేదిక ఎక్కింది. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటోంది. ఏడు వారాలు తిరిగేసరికి హెర్వే తన 'బుల్లి ఫౌస్ట్'తో దిగిపోయాడు. మహాపండితుడు ఫౌస్ట్ ఇక్కడ బడిపంతులు. అమాయకురాలు మార్గరీట్ అల్లరి పిల్ల. సైతాను పాత్రను ఒక నటి వేసింది. ఫౌస్ట్‌గా హెర్వే. ఈసారి కథ మాత్రం వేరే రచయితలది.

ఈ పేరడీలను వెక్కిరింతలు అనుకుంటే పొరపాటు. ఒపేరా వ్యాకరణం క్షుణ్ణంగా తెలిసినవాడే ఇలా రాయగలడు. పెద్ద గాయకులు పది నిమిషాలు సాగదీసే ఆలాపనను హెర్వే యథాతథంగా కట్టి, దాని కింద పంది తొడ మాంసం గురించో ఎండ్రకాయ గురించో మాటలు పెడతాడు. సంగీతం నిటారుగా నిలబడి ఉంటుంది, మాట పల్టీలు కొడుతుంది. నవ్వు పుట్టేది అక్కడే.

---
బాక్స్: వేదిక మీది మెరుపులు

* 'షిల్పెరిక్'లో ఫ్రెదెగోండ్‌గా, 'లె పెటీ ఫౌస్ట్'లో మార్గరీట్‌గా మెరిసిన నటి బ్లాంష్ దాంతిన్యీ. ఎమిల్ జోలా నవల 'నానా'లోని కథానాయికకు స్ఫూర్తినిచ్చినవారిలో ఆమె ఒకరు.
* ఆఫెన్‌బాక్‌కు కూడా పాత్రల పరిమితి ఉండేది. 1857 నాటి 'క్రోక్‌ఫెర్'లో ఐదో పాత్రకు మాట్లాడే అనుమతి లేదు. నాలుక తెగిన వీరుడిగా మార్చి, మాటలను అట్టల మీద రాసి చూపించారు.
* 1878లో ఆఫెన్‌బాక్ 'ఆర్ఫియస్' పునఃప్రదర్శనలో దేవతల రాజు జూపిటర్ వేషం వేసింది హెర్వే. పాత పోటీదారు నాటకంలో పాడడానికి అతను వెనకాడలేదు.
---

లండన్ పిలుపు

'షిల్పెరిక్' పేరు ఛానెల్ దాటింది. 1870 జనవరిలో లండన్ లైసియం థియేటర్‌లో ఇంగ్లిష్‌లో ఆడారు. ప్రధాన పాత్రకు హెర్వేనే వెళ్లాడు. నాలుక తిరగని భాషలో పాడుతూ, గుర్రమెక్కి వస్తూ అక్కడి ప్రేక్షకులనూ గెలుచుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో గెయిటీ థియేటర్ కోసం 'అలాదీన్ ది సెకండ్' అనే ఆపరెట్టాకు సంగీతం కట్టాడు. ఏడాది తర్వాత అదే గెయిటీలో గిల్బర్ట్, సలివన్ జంట తొలి నాటకం 'థెస్పిస్' వేదికెక్కింది. ఇంగ్లిష్ ఆపరెట్టాకు మారుపేరైన ఆ ఇద్దరూ పనిచేసిన వేదిక మీద, అక్కడి నటుల నోట అంతకుముందే హెర్వే పాటలు పలికాయి.

ఈలోగా ఫ్రాన్స్ తలకిందులైంది. 1870 జులైలో ప్రష్యాతో యుద్ధం, ఓటమి, పారిస్ ముట్టడి, మరుసటి వసంతంలో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు, నెత్తురు. చక్రవర్తి గద్దె దిగాడు. ఆయన కొలువును, ఆడంబరాన్ని చూసి నవ్విన ప్రేక్షకులూ మారిపోయారు. చార్లెస్ లెకాక్ వంటి కొత్తవాళ్ల సున్నితమైన, మర్యాదైన సంగీతం వైపు మొగ్గారు. హెర్వే నాటకాలు ఒకటి వెనక ఒకటి దెబ్బతిన్నాయి. 1874లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ప్రామినాడ్ కచేరీలకు నాయకత్వం వహించాడు. బ్రిటన్ ఆఫ్రికాలో చేసిన అషాంటీ యుద్ధం మీద ఒక సింఫనీ కూడా రాశాడు.

తన కథే నాటకమైంది

యాభై దాటాక హెర్వేకు రెండో వసంతం వచ్చింది. తెచ్చిన నటి అన్నా జ్యూదిక్. కన్ను గీటినా మర్యాద తప్పనట్టు కనిపించే ఆమె పాటకు పారిస్ దాసోహమంది. వెరైటే నాటకశాలలో ఆమె కోసం హెర్వే 'లా ఫామ్ ఆ పాపా', 'లిలీ'లకు సంగీతం ఇచ్చాడు. 1883 జనవరి 26న 'మామ్‌జెల్ నితూష్' వచ్చింది. రచయితలు మేయాక్, మిలో.

కథ ఇది. మఠం బడిలో సెలెస్టాన్ అనే ఆర్గాన్ వాద్యకారుడు ఉంటాడు. భక్తిపరుడు. కానీ రాత్రయితే 'ఫ్లోరిడోర్' అన్న మారుపేరుతో ఆపరెట్టాలు రాస్తుంటాడు. మఠంలో చదివే డెనీస్ అందరి ముందూ కళ్లు దించుకునే బుద్ధిమంతురాలు, లోపల అల్లరి పుట్ట. పంతులుగారి రహస్యం ఆమెకు తెలిసిపోతుంది. ఆ రాత్రి నాటకశాలలో నాయిక అలిగి వెళ్లిపోతే ఆ వేషం డెనీస్ వేస్తుంది.

సెలెస్టాన్, ఫ్లోరిడోర్... రోంజే, హెర్వే. సెయింట్ యూస్టాష్‌లో ముప్ఫై అయిదేళ్ల కిందట ఒక యువకుడు ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో దాచుకున్న రహస్యం ఇప్పుడు వెరైటేలో టిక్కెట్టు కొన్నవారందరికీ వినోదమైంది. అతని రచనల్లో ఇంతగా నిలిచిపోయింది మరొకటి లేదు. ఫ్రెంచి సినిమా దాన్ని పదేపదే తీసింది. 1931లో మార్క్ అలెగ్రే, 1954లో అతని తమ్ముడు ఈవ్ అలెగ్రే దర్శకత్వం వహించారు. మొదటి దాంట్లో రైమూ, రెండో దాంట్లో ఫెర్నాందెల్ సెలెస్టాన్‌గా నవ్వించారు.

ఎందుకు మరిచారు?

వందకు పైగా రంగస్థల రచనలు. వాటిలో ఎన్నిటికో మాటలూ తనవే. అయినా నిలిచింది ఒకటి రెండే. అన్నీ తానే కావడం హెర్వే బలం. కాలం గడిచేకొద్దీ అదే బలహీనతైంది. అతని పాట అతని గొంతుకు, ఒంటి విరుపుకు, ఆ క్షణంలో దొర్లే వెర్రి మాటకు కట్టుబడి ఉంటుంది. ఆ మనిషి వేదిక దిగితే కాగితం మీద సగమే మిగులుతుంది. ఆ మాటల విన్యాసం మరో భాషలోకి రావడమూ కష్టం. ఆఫెన్‌బాక్ నాటకాల్లో కథ విడిగా నిలబడుతుంది. ఎవరు పాడినా, ఏ దేశంలో పాడినా నడుస్తుంది. హెర్వే రచనల్లో ఎక్కువకాలం బతికిన 'నితూష్' కథ వేరేవాళ్లు రాసింది కావడం యాదృచ్ఛికం కాదు.

పేరడీకి ఉన్న కష్టం ఇంకొకటి. అసలు తెలిస్తేనే నకలుకు నవ్వొస్తుంది. 1867 నాటి పారిస్ ప్రేక్షకుడికి 'విలియమ్ టెల్' కంఠతా వచ్చు. ఇప్పటివారికి రాదు.

1886 తర్వాత హెర్వే లండన్‌లో ఉండి, లెస్టర్ స్క్వేర్‌లోని ఎంపైర్ థియేటర్‌కు బ్యాలేలు కట్టాడు. 1892లో పారిస్‌కు తిరిగొచ్చి 'బక్కనాల్' ప్రదర్శించాడు. అది ఆడలేదు. కొద్ది రోజులకే, నవంబరు మొదటివారంలో, ఉబ్బసంతో కన్నుమూశాడు. వయసు 67.

ఇటీవల ఫ్రాన్స్‌లో అతన్ని తిరిగి వెలికితీసే పని మొదలైంది. ఫ్రెంచి సంగీతం మీద పరిశోధన చేసే వెనిస్ సంస్థ పలాజెట్టో బ్రూ జానె 2015లో 'రౌండ్ టేబుల్ వీరులు', 2017లో 'మామ్‌జెల్ నితూష్' ప్రదర్శనలకు పూనుకుంది. టెంప్ల్ బులవార్డులో హెర్వే తెరిచిన శాల ఇప్పుడు దెజాజే పేరుతో ఉంది. నాటి 'నేరాల బులవార్డు' శాలల్లో మిగిలింది అదొక్కటే.

ఆపరెట్టాను ప్రపంచానికి చేర్చినవాడు ఆఫెన్‌బాక్, అందులో సందేహం లేదు. దాన్ని మొదట వేదిక మీద నిలబెట్టినవాడు మాత్రం హెర్వే. పాఠ్యపుస్తకాలు, సంగీత చరిత్రలు ఇకనైనా ఇద్దరి పేర్లూ కలిపి రాయాలి. పాఠకులు చేయగలిగింది కూడా ఒకటుంది. ఈసారి స్ట్రాస్ వాల్ట్జో, ఆఫెన్‌బాక్ కాన్‌కానో వినాలనిపించినప్పుడు పక్కనే 'మామ్‌జెల్ నితూష్' పాటలూ పెట్టుకుని వినండి.